ప్రస్తుతం మామయ్య

దొరసాని కాలు విసరబోయే ముందు ఒక చెవి వెనక్కి తిప్పుతుంది. ఆ చెవి తిరగ్గానే బాల్చీ పక్కకి లాగెయ్యాలి. ప్రస్తుతం మామయ్యకి చేతనైన విద్యల్లో తిరుగులేనిది అదొక్కటే. ఆ ఆవుకి పాలివ్వడంలో అభ్యంతరమేమీ లేదు. ఇచ్చిన పాలు బాల్చీలోనే ఉండాలన్న మనుషుల పట్టుదలే దానికి నచ్చదు.

ఆయన కూర్చునే ముక్కాలిపీటకి ఎప్పుడో ఒక కాలు విరిగిపోతే, చీపురుకర్ర ముక్క కోసి, తీగ చుట్టి బిగించాడు. "ప్రస్తుతానికి ఇలా కానీ, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ కాలు కాస్త పొట్టి. పీట ఎడమకి ఒరుగుతుంది కాబట్టి ఆయన కుడికి ఒరిగి కూర్చునేవాడు. ఏళ్ళ తరబడి అలా కూర్చోగా కూర్చోగా, లేచి నిలబడ్డా ఆ ఒరుగు పోలేదు. పొలంలో నడుస్తుంటే దూరం నుంచి చూసినవాళ్ళు మనిషిలో ఏదో లోపం ఉందనుకుంటారు. లోపం పీటది.

మనిషి పొడుగు. చెవులు ఇంకొంచెం పెద్ద తలకి కుట్టించినట్టుంటాయి. చొక్కాకి ఏ రెండు గుండీలూ ఒక జాతివి కావు. జేబులో ఎప్పుడూ కాస్త తీగ, వంగిన మేకులు, మడిచిన అట్టముక్కలు ఉంటాయి. ఎక్కడ ఏది ఊగుతున్నా, ఏది మూతపడకపోయినా ఒక అట్టముక్క తీసి, మూల కొరికి, మెత్తబడేదాకా నమిలి, సందులో దూరుస్తాడు. ఇంటిల్లిపాదికీ తెలుసు: ఆయన నమలడం మొదలుపెట్టాడంటే ఇంట్లో ఇంకొకటి ఈ జన్మకి సరిగ్గా బాగుపడదని.

ఆయన ఆ ఇంటికి వచ్చిందే బాగుచెయ్యడానికి. అప్పటికి అక్కది కొత్త కాపురం. పొలం మధ్యలో మేడమెట్లున్న పాత పెంకుటిల్లు. వాన పడితే బయటకన్నా లోపలే ఎక్కువ పడుతుందని పేరు. "నాలుగు పెంకులు సర్ది, కొన్నాళ్ళుండి వెళ్ళరా" అని అక్క కబురు పెట్టింది. పట్నంలో బట్టల దుకాణంలో గుడ్డ కొలిచి చింపే ఉద్యోగం చేస్తున్న తమ్ముడు ట్రంకుపెట్టెతో దిగాడు. పెంకులు సర్దాడు. అక్క మంచం మీద పడే చుక్క బావ మంచం మీదకి మారింది. మళ్ళీ సర్దాడు. చుక్క వంటింట్లోకొచ్చి కూరగిన్నెలో పడింది. దాన్ని ఆపడం ఆయన వల్ల కాలేదు గానీ, ఎక్కడ పడాలో శాసించే స్థితికి వచ్చాడు. చివరికి దాన్ని అటక మీద ఒక డబ్బాలోకి తోలి, "ప్రస్తుతానికి ఇలా కానీ" అన్నాడు.

వానలు తగ్గేసరికి గడ్డికోతలు వచ్చాయి. గడ్డికోతలయ్యేసరికి ఆవు ఈనింది. ఆవు ఈనిన కొన్నాళ్ళకి అక్క కూతుర్ని కన్నది. ఆ పిల్ల పాకే వేళకి బావ బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఈలోగా పట్నంలో ఆ బట్టల దుకాణం ఆయన కోసం ఎదురుచూసి చూసి, విసిగి మూతపడింది.

ఒకసారి ఎవరో చుట్టపుచూపుగా వచ్చినావిడ, "మీరిక్కడే ఉంటారా?" అని ఆయన్ని అడిగింది. "ప్రస్తుతానికి" అన్నాడాయన. ఆవిడ ఈయన మేనకోడల్ని ఒళ్ళోకి తీసుకుని, "ఈయనెవరమ్మా?" అని ముద్దుగా అడిగింది. "మా ప్రస్తుతం మామయ్య" అంది పిల్ల. ఆ పేరు అలా అతుక్కుంది. ఆ ఇంట్లో ఊడకుండా అతుక్కున్నది బహుశా అదొక్కటే.

అక్క మనదైతే బావ మనవాడా అని సామెత. బావ ఆయన్ని ఏనాడూ వెళ్ళమనలేదు. ఉండమనీ అనలేదు. ఏటా తొలకరి చినుకు పడగానే అరుగు మీద కుర్చీ వేసుకుని, "ఏమోయ్ బావమరిదీ, ఎప్పుడు ప్రయాణం?" అని అడిగేవాడు. "వానలు తగ్గనీ బావా" అనేవాడు ఈయన. ఇద్దరూ నవ్వుకునేవారు. బావ నవ్వు ముందు ఆగిపోయేది. ఈయన నవ్వు ఇంకాసేపు, బావ ముఖంకేసి చూస్తూ, ఏ సంగతీ తేలక అలా నడిచేది.

అందుకే ఆయన ట్రంకుపెట్టె ఏనాడూ పూర్తిగా తెరవలేదు. పొద్దున్నే మంచం కిందనుంచి లాగి చొక్కా తీసుకోవడం, ఉతికి ఆరిన చొక్కా మడిచి మళ్ళీ అందులోనే పెట్టడం. ఇల్లంతా మేకులు కొట్టిన మనిషి, తన గది గోడకి చొక్కా తగిలించుకోవడానికి ఒక్క మేకు కొట్టుకోలేదు. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని.

ఇన్నేళ్ళ తర్వాత నిన్న, భోజనాల దగ్గర, ఆ మాట వచ్చింది. చదువు ముగించుకొచ్చి పొలం పనులన్నీ తన చేతిలోకి తీసుకున్న మేనకోడలు కంచం ముందు కూర్చుని, "రేపు వడ్రంగి వస్తున్నాడు. ఇంక ఈ ఇంట్లో తాత్కాలికాలన్నీ తీసేయిస్తున్నాను. చూసి చూసి విసుగెత్తిపోయింది" అంది. అంటూ ఆ పిల్ల చూసింది కిటికీ గడియ బదులు దూర్చిన చెంచాని. సరిగ్గా ఆ చెంచా కింద కూర్చుని ఉన్నాడు ప్రస్తుతం మామయ్య.

ఆయన నోట్లోకి వెళ్ళబోయిన రొట్టెముక్క మళ్ళీ కంచంలోకి వచ్చింది.

అదీ సంగతి. దొరసాని చెవి తిరిగింది. ఆయన ఆలోచనలో ఉండి, ఎన్నడూ లేనిది, చూసుకోలేదు. బాల్చీ ఎగిరి పాకగోడకి కొట్టుకుంది.

"నువ్వు కూడానా?" అన్నాడు ఆవుతో. లేచేటప్పుడు గుండెలో ఏదో పట్టేసినట్టయి, కాసేపు దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఈమధ్య ఇలా అవుతోంది. డాక్టర్‌కి చూపించుకోమని అక్క చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. ప్రస్తుతానికి బానే ఉందిగా, తర్వాత చూద్దాం.

వడ్రంగి లావుపాటి మనిషి. చెవి మీద పెన్సిలు, భుజాన సంచీ, ముఖం నిండా నవ్వు. మేనకోడలు అతన్ని ఇల్లంతా తిప్పుతుంటే వెనకాలే బావ, బావ వెనకాల ప్రస్తుతం మామయ్య. కిటికీ దగ్గర ఆగి వడ్రంగి చాలాసేపు చూశాడు.

"గడియకి బదులు చెంచా. చెంచా జారకుండా తాడు. తాడు ఊడకుండా మేకు. మేకు కదలకుండా మళ్ళీ చెంచా! ఎవరండీ ఈ మహానుభావుడు?"

బావ మీసాల చాటున నవ్వాడు. "ఏమోయ్ బావమరిదీ, ఎవరంటావు?"

"ఎవరో పాతకాలం వాళ్ళయ్యుంటారు" అన్నాడు ప్రస్తుతం మామయ్య, ముఖం గంభీరంగా పెట్టి. "మొద్దు పని."

"మొద్దు పనా! చెక్కంతా నాశనం చేశాడండీ" అన్నాడు వడ్రంగి.

"చేతులు విరగ్గొట్టాలి వెధవకి" అన్నాడు ప్రస్తుతం మామయ్య.

ఆ చెంచా దూర్చిన సాయంత్రం ఆయనకి బాగా గుర్తు. మేనకోడలికి జ్వరం. కిటికీ టపటపా కొట్టుకుంటోంటే పిల్ల ఉలిక్కిపడి లేస్తోంది. సూప్ తాగిస్తున్న అక్క చేతిలోంచి చెంచా లాక్కుని గడియలో దూర్చాడు. పిల్ల నిద్రపోయింది. మిగతా సూపు అక్క చేత్తోనే పట్టించింది. అంత జరిగిందని వడ్రంగికి ఎలా చెప్తాం? వడ్రంగి పట్టకారుతో ఒక్క లాగు లాగాడు. చెంచా ఊడి టింగుమని నేల మీద పడింది. ఆయన దాన్ని వంగి తీసి, చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు.

తర్వాత వీధి తలుపు. ఆ తలుపు తెరవాలంటే గడియ తీసి, రెక్కని కాస్త పైకి లేపి, తుంటితో ఒక్క పోటు పొడవాలి. ఇంట్లోవాళ్ళందరికీ అది ఊపిరి పీల్చినంత సులువు. బయటివాళ్ళు ఎంత తోసినా రాదు. "మనింటికి దొంగలొస్తే, పాపం మనమే లేచి తలుపు తీసిపెట్టాలి" అనేవాడు బావ. వడ్రంగి బందులు మార్చి, అంచు చిత్రిక పట్టి, నూనె వేశాడు. చిటికెనవేలితో తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది. అందరూ మెచ్చుకున్నారు.

ఈ మెచ్చుకోలు జరిగినప్పుడు అక్క అక్కడ లేదు. కోళ్ళ గూటి దగ్గరుంది. బుట్టలో గుడ్లు వేసుకుని వచ్చి, గడియ తీసి, రెక్క లేపి, అలవాటు ప్రకారం తుంటితో పొడిచింది. తలుపు అడ్డుపడలేదు. అక్క హాల్లోంచి దూసుకెళ్ళి భోజనాల బల్ల దగ్గర గానీ ఆగలేదు. గుడ్లు ఆవిడకన్నా ముందు చేరాయి.

"తలుపేదిరా?" అంది, బల్ల పట్టుకుని, ఊపిరి తిప్పుకుంటూ.

"అదే అక్కా, తెరుచుకుంది."

"తెరుచుకోవడమేమిటి, చెప్పాపెట్టకుండా!"

మేడమెట్లలో మూడో మెట్టు ఆయన పెట్టిన చెక్క మీద ఊగేది. దాని మీద ఎవరూ కాలు పెట్టరు. దాటేస్తారు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మేనకోడలు హాస్టల్లో చదువుకునే రోజుల్లో అక్కడి మెట్లలోనూ మూడోది దాటి ఎక్కేది. తోటి పిల్లలు ఏదో మొక్కుకుంది కాబోలనుకున్నారట. ఇప్పుడు వడ్రంగి దానికి కొత్త చెక్క వేసి, తానెక్కి గంతులు వేసి చూపించాడు. తర్వాత చాలాసేపు చేతులు కట్టుకుని చూశాడు. అక్క ఎక్కింది, దాటేసింది. మేనకోడలు దిగింది, దాటేసింది.

"మెట్టు బాగుచేశానండీ" అన్నాడు, చిన్నబుచ్చుకుని.

"అయ్యో, చూశాం కదా, చాలా బావుంది" అంది మేనకోడలు, మళ్ళీ దాటేస్తూ.

పాపం మనిషి నొచ్చుకుంటున్నాడని బావ పనిగట్టుకుని, అందరూ చూస్తుండగా, ఆ మెట్టు మీద కాలు మోపాడు. అలవాటు లేని మెట్టు. అడుగుల లెక్క తప్పి, మిగిలిన రెండు మెట్లూ కూర్చుని దిగాడు. నేల మీద కూర్చునే, "దివ్యంగా ఉందయ్యా" అన్నాడు వడ్రంగితో.

ప్రస్తుతం మామయ్యకి నవ్వు రాలేదు. మామూలుగా అయితే బావ పడ్డ ముచ్చట వారం రోజులు చెప్పుకుని నవ్వవలసిన మనిషి. ఒక్కొక్కటే ఊడిపోతోంది. చెంచా పోయింది, తలుపు పోయింది, మెట్టు పోయింది. వరస చూస్తే తన వంతు ఎంతో దూరం లేదు. కప్పు కారుతోందని వచ్చినవాడు, కప్పు కూడా బాగుపడ్డాక ఏమని ఉంటాడు? ఉండమని ఎవరైనా ఒక్క మాటంటే ఉంటాడు. అడిగి అనిపించుకునే మాట కాదాయె అది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనకోడలు వచ్చి, "మామయ్యా, నీ గది కాస్త ఖాళీ చెయ్యాలి. వడ్రంగికి కావాలి" అంది. చెప్పి, ఏదో పని మీద చరచరా వెళ్ళిపోయింది.

ఆయన పైకి వెళ్ళాడు. మెట్ల మధ్యలో ఆయాసమొచ్చి ఆగి, ఎవరైనా చూస్తారేమోనని గోడ సున్నాన్ని పరీక్షిస్తున్నట్టు గోరుతో గీశాడు. గదిలో సర్దుకోవడానికేముంది! ఇన్నేళ్ళూ సర్దే ఉంది. మూత వెయ్యడమే. మంచి చొక్కా తొడుక్కున్నాడు. ఎప్పుడో తప్ప వెయ్యని బూట్లు వేసుకున్నాడు. జేబులోని చెంచా తీసి, ఇది అక్కది కదా అని కాసేపు ఆలోచించి, మళ్ళీ జేబులోనే వేసుకున్నాడు. పెట్టె మోసుకుంటూ, మూడో మెట్టు దాటి, కిందికి దిగి, వీధి తలుపు పక్కన పెట్టె మీద కూర్చున్నాడు.

అక్క చూసింది. "ఎక్కడికిరా, బూట్లేసుకున్నావు?"

"వానలు తగ్గాయి కదా అక్కా" అన్నాడు.

బయట ఎండ చిటపటలాడుతోంది. కుర్చీలో కునుకుతున్న బావ ఒక కన్ను తెరిచాడు. "ఏ వానలోయ్?"

"ఆ వానలే బావా."

అక్కకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చేతిలో ఉన్న గరిటె చూపించింది. "ఎవరేమన్నారు? చెప్పు. ఎవరేమన్నారో చెప్పు ముందు!"

"ఎవరూ ఏమీ అనలేదక్కా. తాత్కాలికాలన్నీ తీసేయిస్తున్నానంది పిల్ల. న్యాయమే కదా. తన ఇల్లు. నేను వచ్చింది కొన్నాళ్ళుండి వెళ్ళడానికే. నువ్వే అన్నావుగా."

"నేనెప్పుడన్నానురా!"

"కప్పు కారినప్పుడు."

వెనకనుంచి మేనకోడలు వచ్చి ఆ చివరి మాటలు విని, రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "మామయ్యా! నేనన్నది చెంచా గురించి!"

"అదేమిటే అలా అంటావు" అన్నాడు బావ తీరిగ్గా. "ఇన్నేళ్ళూ వీడు మీ అమ్మకి చెంచా కాకపోతే మరేమిటి?"

"నాన్నా, నువ్వూరుకో. గది ఖాళీ చెయ్యమన్నది పని చెయ్యడానికి మామయ్యా. గోడకి అలమర పెట్టిస్తున్నాను. నీకు. నీ బట్టలకి. మనిషన్నవాడు జీవితమంతా పెట్టెలోంచి చొక్కా తీసి తొడుక్కుంటాడా? చూసి చూసి విసుగెత్తిందన్నది కూడా దాని గురించే!"

ఆయన పెట్టె మీంచి లేవలేదు. మేనకోడలి ముఖం చూశాడు, అక్క గరిటె చూశాడు. ఆ తర్వాత, అలవాటు కొద్దీ, బావ ముఖంకేసి చూశాడు.

బావ మూలుగుతూ కుర్చీలోంచి లేచాడు. పొద్దున మెట్ల మీద తగిలిన దెబ్బ ఇంకా తగ్గలేదు. వచ్చి పెట్టె ఒక పక్క పిడి పట్టుకున్నాడు.

"లే. అటు పట్టు. ఏటా ఎప్పుడు ప్రయాణమని నేనడిగేది నువ్వెళ్తావని కాదోయ్, వెళ్ళనని నీ నోటితో విందామని. అంత తెలివి కూడా లేదు, దీనికి తోడు బూట్లొకటి! ఉండు ఇక్కడే. నువ్వెళ్ళిపోతే ఇంట్లో నేను ఎవణ్ణి తిట్టుకోను? మీ అక్కనా?"

"అని చూడండి ఒకసారి" అంది అక్క.

బావా బావమరిదీ చెరో పక్కా పెట్టె పట్టుకుని మెట్లెక్కారు. ఇద్దరూ ఒకేసారి మూడో మెట్టు దాటారు. కింద వడ్రంగి అది చూసి, తన ఉలి నూరుకున్నాడు.

పొద్దు వాలేసరికి అలమర తయారైంది. కొత్త చెక్క వాసన గదంతా నిండింది. వడ్రంగి సామాను సర్దుకుని, కప్పు పని మళ్ళీ వచ్చినప్పుడు చూస్తానని వెళ్ళిపోయాడు. ప్రస్తుతం మామయ్య ఒక్కడే గదిలో కూర్చుని పెట్టె పూర్తిగా తెరిచాడు. చొక్కాలు ఒక్కొక్కటే తీసి అరలో పెట్టాడు. అన్నీ పెట్టినా ఒక అర సగం కూడా నిండలేదు. కింది అరలో తీగ, మేకులు పెట్టాడు. చెంచాకి ఒక అర మొత్తం ఇచ్చాడు. ఖాళీ పెట్టె మూత వేస్తే వేరే చప్పుడు చేసింది. ఇన్నేళ్ళలో ఆ చప్పుడు వినలేదాయన.

అలమర తలుపు వేశాడు. అది మెల్లగా తెరుచుకుంది. మళ్ళీ వేశాడు. మళ్ళీ తెరుచుకుంది. వడ్రంగి తప్పేమీ కాదు. ఆ గది నేలే ఒక పక్కకి వాలు.

ఆయన ముఖం వెలిగిపోయింది.

జేబులోంచి అట్టముక్క తీశాడు. టీపొడి పెట్టె అట్ట, ఒకవైపు ఆకుపచ్చ. మూల కొరికి, తొందరేమీ లేనట్టు నమిలి, రెండు మడతలు పెట్టి సందులో దూర్చాడు. తలుపు నిలబడింది. రెండడుగులు వెనక్కి వేసి, కుడికి ఒరిగి, చూసుకున్నాడు.

"అక్కా!" అని పైనుంచే కేకేశాడు. "ఒక్క కునుకు తీసి పాలకి లేస్తాను."

"పడుకో, పడుకో. పెట్టె మోసి అలిసిపోయావు" అంది అక్క కిందనుంచి.

పాలవేళ అయింది. దొరసాని ఒకసారి అరిచింది. ఆగి, మళ్ళీ అరిచింది. మూడోసారి తిట్టినట్టే అరిచింది. అక్క చెయ్యి తుడుచుకుంటూ మెట్లెక్కింది. "ఏరా, నీ దొరసాని నానా మాటలూ అంటోందిరా" అంటూ గదిలోకి వెళ్ళింది. ఆయన మంచం మీద కుడికి ఒరిగి పడుకుని ఉన్నాడు. బూట్లు విప్పి మంచం పక్కన సరిగ్గా పెట్టుకున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని, ఏదో తర్వాత చూద్దామని చెప్పబోతున్నట్టుంది. "ఏరా" అంది అక్క. ఇంకోసారి "ఏరా" అని, చెంప మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండానే మంచం అంచున కూర్చుంది. చాలాసేపటికి, "ఏమండీ, ఒకసారి పైకి రండి" అని పిలిచింది, గట్టిగా కాదు.

బావ వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమోయ్ బావమరిదీ" అన్నాడు. ఆ తర్వాతి మాట అడగలేదు.

ఆ సాయంత్రం దొరసాని దగ్గర మేనకోడలు కూర్చుంది, ఆ వంకర పీట మీదే. కళ్ళు నిండిపోయి ఏదీ సరిగ్గా కనపడలేదు. చెవి ఎప్పుడు తిరిగిందో చూడలేదు. బాల్చీ వెళ్ళి పాకగోడకి కొట్టుకుంది.

కప్పు పనికని కొన్నాళ్ళకి వడ్రంగి మళ్ళీ వచ్చాడు. పైన అలమర చూసి, తలుపు లాగాడు. అట్టముక్క ఊడి అతని కాళ్ళ దగ్గర పడింది. తలుపు మెల్లగా, దానంతటదే, పూర్తిగా తెరుచుకుంది. అర నిండా కూడా లేని చొక్కాలు, ఒక అరలో ఒంటరిగా చెంచా.

"అరెరె, నేల వాలమ్మా ఇది. అప్పుడు చూసుకోలేదు" అన్నాడు నొచ్చుకుంటూ. "కింద అంచు కాస్త చిత్రిక పడితే సరిపోతుంది. ఎంతసేపు, ఇప్పుడే చేసేస్తాను."

అక్క వంగి అట్టముక్క తీసుకుంది. మడత విప్పకుండా, ఉన్నదున్నట్టే, తలుపు మూసి సందులో దూర్చింది. బొటనవేలితో నొక్కింది.

"ప్రస్తుతానికి ఇలా ఉండనీ నాయనా" అంది. "తర్వాత చూద్దాం."

కప్పు బాగుపడింది. అటక మీది డబ్బా ఎండిపోయింది. అలమర తలుపు సందులో మాత్రం ఆ అట్టముక్క అలాగే ఉంది, ఆకుపచ్చ వైపు బయటికి, ఒక మూల మెత్తగా నలిగి, పంటిగాట్లతో.